అయిదు బిళ్ళను కొరికిన కండక్టరమ్మ

టంకశాల తప్పు చేయదు. ఇది ఎవరి నమ్మకమో కాదు, నియమావళిలో ఒకటో నిబంధన. టంకశాల తప్పు చేసినట్టు ఎవరికైనా అనిపిస్తే ఒకటో నిబంధన మళ్ళీ చదువుకోవాలన్నది రెండో నిబంధన. ఈ రెంటినీ అమలు చేయడానికి నాలుగంతస్తుల భవనం, నూట పన్నెండు మంది సిబ్బంది, ఒక లిఫ్టు (మూడో అంతస్తులో విశ్రాంతి తీసుకుంటోంది) ఉన్నాయి. ఆ భవనం పేరు నాణేల దోష నిర్ధారణ కార్యాలయం.

అక్కడ జరిగే పని చాలా తేలిక. మీ చేతికి ఒక వింత నాణెం వచ్చిందనుకోండి. అక్షరం ఒకటి లేదు, బొమ్మ పక్కకు జరిగింది, అంచు వంకరగా ఉంది. అచ్చు పడేనాటికే అది అలా ఉంటే దాన్ని జన్మదోషం అంటారు. బయటికొచ్చాక ఎవరో సుత్తితో కొట్టో, ఆకురాయితో రుద్దో, రైలు పట్టా మీద పెట్టో అలా చేస్తే అది గాయం. జన్మదోషమైతే తప్పు టంకశాలది. గాయమైతే తప్పు మీది, ఎందుకంటే అది ఆఖరున దొరికింది మీ దగ్గరే కదా. ఏదన్నది తేల్చి చెప్పడమే కార్యాలయం పని. కిందటేడాది నాలుగు వేల మూడు వందల పదహారు నాణేలను పరీక్షించారు. గాయాలు నాలుగు వేల మూడు వందల పదహారు. జన్మదోషాలు లేవు. ఇంత నిలకడగా పనిచేసే సంస్థను ఇంకొకదాన్ని చూపించండి చూద్దాం.

(అంతకుముందు ఒక ఏడాది ఒకే ఒక్క జన్మదోషం నమోదైంది. విచారిస్తే అది గుమాస్తా అంకె వేసేటప్పుడు చేసిన పొరపాటని తేలింది. గుమాస్తాను బదిలీ చేశారు.)

ఇక కండక్టరమ్మ సంగతి.

ఆమె పదిహేడేళ్ళుగా ఏడో నంబరు బస్సులో టికెట్లు కొడుతోంది. పదిహేడేళ్ళలో ఒక్క మెమో లేదు. నిలబడి నిలబడి మోకాళ్ళు అరిగాయి, "ముందుకు జరగండి" అని అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది, అంతకు మించి ఆమె మీద ఏ మచ్చా లేదు. ఒకరోజు డ్యూటీ దిగి, సంచిలోని చిల్లరను డిపోలోని నాణేలు వేరుచేసే యంత్రంలో పోసింది. యంత్రం ఒకసారి గరగరమని ఆగిపోయింది. మెకానిక్కు మూత విప్పి చూస్తే గొట్టంలో ఒక అయిదు బిళ్ళ అడ్డం తిరిగి ఇరుక్కుని ఉంది. దాని అంచున ఒకవైపు నెలవంకంత ముక్క లేదు.

డిపో మేనేజరు దాన్ని లైటు కేసి ఎత్తి చూశాడు. బిస్కెట్టు కొరికినట్టుందే అన్నాడు. ఆయన మాటవరసకే అన్నాడు. కానీ పక్కనే కలం పట్టుకుని కూర్చున్న గుమాస్తాకు మాటవరస వేరు, మాట వేరు అని ఎవరూ నేర్పలేదు. మర్నాటికి చార్జిషీటు తయారైంది. సదరు కండక్టరు విధి నిర్వహణలో ఉండి ప్రభుత్వ నాణెమును నోటితో కొరికినదనియు, తద్వారా సంస్థవారి యంత్రమునకు భంగము కలిగించినదనియు, కావున తక్షణమే సస్పెండు చేయడమైనదనియు అందులో ఉంది. నాణెంలోని లోపం జన్మదోషమేనని అరవై రోజుల్లోగా నిర్ధారణ పత్రం తేకపోతే ఉద్యోగం నుంచి తొలగిస్తారు.

తన నోట్లోకి అన్నమే సరిగ్గా టైముకు పోదనీ, ఇనుము ఎప్పుడు కొరుకుతాననీ ఆమె అడిగింది. మేనేజరు మంచివాడు. ఆయనకు జాలేసింది.

"నువ్వు కొరికావని నేననడం లేదమ్మా. కొరకలేదని కాగితం తెమ్మంటున్నా, అంతే."

అలా ఆమె చేతిలో, సీలు వేసిన కవరులో, ఒక అయిదు బిళ్ళా పదిహేడేళ్ళ ఉద్యోగమూ కలిపి పెట్టి పంపించారు.

కార్యాలయం కింది హాల్లో ఆరు కిటికీలున్నాయి. అయిదింటి మీద "పక్క కిటికీలో విచారించండి" అని రాసుంది. ఆరోది మూసి ఉంది. ఎదురుగా ఉన్న చెక్కబెంచీ, జనం కూర్చుని కూర్చుని, పాలిష్ లేకుండానే నున్నగా మెరుస్తోంది. అక్కడ ఉన్నవాళ్ళంతా గుప్పిట్లో ఒక నాణెం పట్టుకుని, దొంగతనం చేసినట్టు ముఖాలు పెట్టుకుని ఉన్నారు. ఎవరూ ఏదీ దొంగిలించలేదు. ఆ బెంచీ మీద గంట కూర్చుంటే ఎవరికైనా ఆ ముఖం వస్తుంది.

దరఖాస్తులో ఇరవై రెండు గళ్ళు. నాణెం పుట్టిన తేదీ. ఆ సమయంలో దగ్గరున్న సాక్షుల పేర్లు. నాణేనికి దరఖాస్తుదారు ఏమవుతారు. (బంధువు అని రాయకూడదు. ఎవరో ఒకాయన విసుగుపుట్టి రాశాడట, కుటుంబ ధ్రువీకరణ పత్రం తెమ్మన్నారు.) నాణెం ఎలా వచ్చింది అన్న గడిలో కండక్టరమ్మ "ప్రయాణికుడు ఇచ్చాడు" అని రాసింది. ఏ ప్రయాణికుడు అని, చివరికి కవరూ కాగితమూ అందుకున్న రెండో కిటికీ అడిగింది. రోజుకు ఆరు వందల మంది ఎక్కుతారని చెప్పింది. అయితే ఆరు వందల మందినీ తీసుకురా అనకుండా, ఆ గడిని ఖాళీగా వదలడానికి ఒప్పుకున్నారు. ఈ కార్యాలయంలో దయ లేదనేవాళ్ళు ఈ సంఘటనను గుర్తుపెట్టుకోవాలి.

చార్జిషీటులో కొరుకుడు అన్న మాట ఉంది కాబట్టి ఫైలు ముందుగా పళ్ళ దగ్గరికి వెళ్ళింది. పళ్ళ డాక్టరు ఆమె నోట్లో తడి సుద్దముద్ద పెట్టి దవడ అచ్చు తీశాడు. తీసి, నిజాయితీగా రాశాడు. ఈమె పైదవడలో ఎడమవైపు ఒక పన్ను లేదు. నాణెంలోని వంపుకు ఈ దవడ సరిపోదు. ఆ మాటకొస్తే ఈ లోహాన్ని మనిషి దవడ ఏదీ కోయలేదు.

కార్యాలయం ఆ పత్రాన్ని జాగ్రత్తగా చదివి, అందులోంచి తనకు కావలసిన వాక్యాన్ని ఏరుకుంది. పన్ను లేదు. ఆ పన్ను ఎప్పుడు, ఏ వస్తువును కొరుకుతుండగా ఊడినదో ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని నోటీసు వచ్చింది. ఎనిమిదేళ్ళ కిందట బస్సు సడన్ బ్రేకు వేస్తే కడ్డీకి మూతి తగిలి ఊడిందని ఆమె రాసిచ్చింది. ఆ బస్సు నంబరు కూడా రాసింది. ఆ కడ్డీ ఇప్పటికీ అదే బస్సులో ఉందనీ, కావాలంటే దాన్నీ పరీక్షించుకోవచ్చనీ రాసింది. ఆ చివరి వాక్యం దురుసుగా ఉందని ఫైల్లో ఎర్రసిరాతో గీత పడింది.

ఈలోగా డిపోలో ఆమెకు బిళ్ళ కొరికిన అక్క అని పేరొచ్చింది. ఆమె కనిపిస్తే చాలు డ్రైవర్లు జేబు తడుముకునేవాళ్ళు. "అక్కా, పదికి చిల్లర లేదు, కాస్త సగానికి కొరికి పెట్టవూ" అని ఒకడంటే, "పేపర్ నోటు వద్దురోయ్, అక్కకు అరగదు" అని ఇంకొకడు. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. పక్కవాడి ఉద్యోగం పోతున్నప్పుడు నవ్వుతూ నిలబడితే తమది గట్టిగా ఉన్నట్టు అనిపిస్తుంది, అంతే.

ఆమెకు ఒక బాబాయి ఉన్నాడు. మార్కెట్టు ముందు రేకుల పెట్టె వేసుకుని తాళాలు చేస్తాడు. నలభై ఏళ్ళుగా ఆకురాయి పట్టిన చెయ్యి. నాణేన్ని మెకానిక్కు ఫోనులో తీసిన ఫొటోలు ఆయనకు చూపించింది. ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, ఫోనును ముక్కుకు ఆనించి చాలాసేపు చూశాడు. ఆ తర్వాత తన జేబులోంచి ఇంకో అయిదు బిళ్ళ తీసి, ఫొటోను అసలు బిళ్ళంత సైజుకు తెప్పించి, అందులోని కొరత మీద పెట్టాడు. అచ్చుగుద్దినట్టు సరిపోయింది.

ఆయన చెప్పింది ఇది. టంకశాలలో పొడుగాటి రేకులోంచి బిళ్ళలు కత్తిరిస్తారు. రేకు సరిగ్గా ముందుకు జరగకుండానే కత్తి మళ్ళీ పడితే, అంతకుముందు కోసిన బిళ్ళ తాలూకు ఖాళీ ఈ బిళ్ళలోకి వస్తుంది. అందుకే కొరత వంపు సరిగ్గా ఇంకో బిళ్ళ వంపంత ఉంది. మనిషి నోరు అంత గుండ్రంగా ఉండదు. ఇంకో సంగతి. కత్తిరించిన బిళ్ళను రెండు పక్కలా నొక్కుతూ దొర్లించి అంచు లేపుతారు. ఒకవైపు ముక్క లేకపోతే, ఎదురువైపు నొక్కుడు పడదు. నొక్కుడు పడనిచోట గట్టు లేవదు. ఫొటోలో చూడు, కొరతకు సరిగ్గా ఎదురుగా ఇంత మేర అంచు చదునుగా ఉండిపోయింది.

"ఎవడో తర్వాత కోసుంటే ఎదురువైపు గట్టు ఎందుకు పడిపోద్దే అమ్మాయ్? ఎడమ చెవి తెగితే కుడి చెవి రాలిపోద్దా?"

కండక్టరమ్మ అక్కడే పెట్టె పక్కన కూలబడి నవ్వింది. నెలరోజుల తర్వాత మొదటిసారి. తన ఉద్యోగం ఒక బిళ్ళ అంచు మీద, గోరంత చదును మీద నిలబడి ఉందని తెలిసింది. గోరంతైనా ఏదో ఒకటి ఉంది కదా అనుకుంది.

నలభై ఒకటో రోజున దోష నిర్ధారణాధికారి దర్శనం దొరికింది. ఆయన గదిలో ఒక భూతద్దం ఉంది, సన్నటి కాళ్ళున్న త్రాసు ఉంది, గోడకు ఒకటో నిబంధన చట్రం కట్టి ఉంది. బాబాయి తలుపు దగ్గరే చెప్పులు విప్పబోతే అక్కర్లేదన్నారు. (ఇది రెండో దయ.) బాబాయి తాళాల భాషలో తను చెప్పాల్సింది చెప్పాడు. మామూలు బిళ్ళను కొరతలో ఆనించి చూపించాడు. ఎదురువైపు అంచు మీద గోరు పెట్టి చూపించాడు.

అధికారి భూతద్దం పెట్టి చూశాడు. తిప్పి చూశాడు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ అధికారి తెలివితక్కువవాడు కాదు. ఆయనకు తెలియదని మీరు అనుకుంటే ఆయనను అవమానించినట్టే. ఆయన ఈ విద్యలో పరీక్షలు రాసి, మొదటి తరగతిలో వచ్చి, ఆ కుర్చీలో కూర్చున్నాడు.

"మీ బాబాయి చెప్పింది నిజమే" అన్నాడు మెల్లగా. "మా శిక్షణ పుస్తకంలో కూడా ఇదే ఉంది. పదకొండో పేజీ."

కండక్టరమ్మ కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. అయితే రాసివ్వండి సార్ అంది.

అధికారి నాణేన్ని మళ్ళీ తిప్పాడు. దీని మీద ఇన్‌వర్డ్ నంబరు ఎక్కడ అన్నాడు. ఎక్కడా లేదు. ఫైలు పళ్ళ డాక్టరు దగ్గరికి తిరిగిన హడావిడిలో నంబరు వేయించడం మరిచారు. నంబరు పడని నాణెం కార్యాలయానికి వచ్చినట్టు కాదు. కార్యాలయానికి రాని నాణేన్ని అధికారి చూసినట్టు కాదు. చూడనిదాని గురించి ఆయన ఇందాక అన్నది ఆయన అన్నట్టు కాదు. నేలమాళిగకు వెళ్ళి నంబరు వేయించుకు రమ్మన్నాడు. అయిదు నిమిషాల పని అన్నాడు. అది మాత్రం నిజం.

నేలమాళిగలో ఒక ముసలి గుమాస్తా ఉన్నాడు. ఆయన ముందు నాణెం పెట్టి కొట్టే చిన్న ఇనుప దాగలి, సుత్తి, సున్నా నుంచి తొమ్మిది దాకా ఉక్కు అంకెల అచ్చులు. పరీక్షకు వచ్చిన ప్రతి నాణెం మీదా నంబరు సుత్తితో కొట్టడమే ఆయన ఉద్యోగం. (దెబ్బ తగిలిందో లేదో చూడడానికి వచ్చిన నాణేన్ని ముందు ఒక దెబ్బ కొట్టి లోపలికి పంపడం ఏమిటని అడిగేవాళ్ళు ఉంటారు. అలాంటివాళ్ళ కోసం ఫిర్యాదుల పెట్టె ఉంది. తాళంచెవి లేదు.) పంతొమ్మిదో నిబంధన ప్రకారం ఆ నంబరు బొమ్మకు గానీ, అక్షరాలకు గానీ, అంచు గట్టుకు గానీ హాని కలగని ఖాళీ చోట పడాలి. మామూలు బిళ్ళ మీద అలాంటి చోటే ఉండదు. పాపం ఆయన ఒక్కో బిళ్ళను అరగంట తిప్పి తిప్పి, చివరికి ఎక్కడో ఒకచోట కళ్ళు మూసుకుని కొడతాడు.

ఈ బిళ్ళను తిప్పగానే ఆయన ముఖం వెలిగిపోయింది. ఒకవైపు అంచున గట్టే లేదు. నాలుగు అంకెలకు సరిగ్గా సరిపోయేంత నున్నటి చదును. ఇన్నేళ్ళ సర్వీసులో ఇంత వీలైన బిళ్ళ చూడలేదన్నాడు.

"అన్నా, అక్కడొద్దు" అంది కండక్టరమ్మ. "నాకున్న సాక్ష్యం అదొక్కటే."

"నీ సాక్ష్యం సంగతి నాకేం తెలుసమ్మా. ఖాళీ ఉన్నచోట కొట్టమని రూలు. ఇక్కడ ఖాళీ ఉంది."

బాబాయి దాగలి మీద అరచెయ్యి పెట్టాడు. గుమాస్తా ఆ చేతిని కోపం లేకుండా, మర్యాదగా పక్కకు తీశాడు. రెండు, రెండు, సున్నా, ఎనిమిది. నాలుగు దెబ్బలు. నలభై ఏళ్ళు లోహంతో బతికిన మనిషి ఆ చప్పుడుకు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

వాళ్ళు మళ్ళీ మూడంతస్తులు ఎక్కి వెళ్ళారు. అధికారి నంబరు చూసి తృప్తిగా తలాడించి, భూతద్దం అందుకున్నాడు. ఇప్పుడు ఆయన అధికారికంగా చూస్తున్నాడు.

"కొరతకు ఎదురువైపు సుత్తి దెబ్బలు కనిపిస్తున్నాయి."

"అవి ఇప్పుడే మీ గుమాస్తా కొట్టినవి సార్."

"కావచ్చమ్మా. ఎవరు కొట్టారన్నది మా పరిధిలోకి రాదు. దెబ్బా కాదా అన్నదే మా పని."

ఇక్కడితో ఎవరైనా ఇంటికెళ్ళి పడుకుంటారు. ఆమె పడుకోలేదు. ఏడో నంబరు బస్సు ఎక్కింది. సస్పెన్షన్లో ఉంది కాబట్టి టికెట్టు కొనుక్కుని ఎక్కింది. పదిహేడేళ్ళుగా ముఖాలు తెలిసిన జనం. మీ పర్సుల్లో, డబ్బాల్లో, పిల్లల ముంతల్లో ఇలాంటి బిళ్ళ ఉందేమో చూడండమ్మా, చూడండన్నా అని సీటు సీటునా అడిగింది. తొమ్మిది రోజుల్లో పదకొండు బిళ్ళలు దొరికాయి. అదే ఏడాది అచ్చు, అదే వంపు, ఎదురువైపు అదే చదును. ఒక రేకు జరగడం మరిచిన పూట పుట్టిన తోబుట్టువులు. వాటిని చేతిగుడ్డలో మూటగట్టి, యాభై రెండో రోజున అధికారి బల్ల మీద విప్పింది.

బుద్ధున్న చోట ఆ మూటతో కథ ముగిసిపోయేది. ఇక్కడ ఫైలు లావెక్కింది. ఒక నాణేనికి కొరత ఉంటే అది ఒకరి గాయం. పన్నెండు నాణేలకు ఒకేలాంటి కొరత ఉంటే పన్నెండు మంది కూడబలుక్కున్నారని అర్థం. ఫైలు మీద "సంఘటిత కొరుకుడు" అని కొత్త శీర్షిక పడింది. బిళ్ళలు ఇచ్చిన పదకొండు మందికీ పళ్ళ అచ్చు ఇవ్వాలని నోటీసులు వెళ్ళాయి. వారం తిరిగేసరికి ఎనిమిది మంది ఆ నాణేలు తమవి కావని సంతకాలు పెట్టారు. (ఒక పెద్దమనిషి తన పళ్ళు కూడా తనవి కావని రాసిచ్చాడు. కట్టుడు పళ్ళు కాబట్టి ఆ ఎనిమిది కాగితాల్లో ఉన్న నిజం అదొక్కటే.) ఇద్దరు అసలు తాము ఆ బస్సే ఎక్కలేదన్నారు. మిగిలింది ఒక దర్జీ ఆవిడ. ఆవిడ మాత్రం వెళ్ళి దవడ ఇచ్చి వచ్చింది. కావాలంటే రెండోసారి కూడా తీసుకోండి, ఆ పిల్ల పదిహేడేళ్ళలో ఒక్కసారి చిల్లర ఎగ్గొట్టలేదు అని అక్కడే గట్టిగా చెప్పింది. ఆ మాట రాసుకోవడానికి ఫారంలో గడి లేదు.

మిగతా పదకొండు బిళ్ళల మీద కూడా నంబర్లు పడ్డాయి. ఎక్కడ పడ్డాయో చెప్పనక్కర్లేదు. ముసలి గుమాస్తాకు ఆ వారం పండగలా గడిచింది.

అరవయ్యో రోజు మధ్యాహ్నం ఆరో కిటికీ తెరుచుకుంది. కండక్టరమ్మ చేతికి ఉత్తర్వు వచ్చింది. సదరు నాణెమును సమగ్రముగా పరిశీలించగా, కొరతకు ఎదురు అంచున సుత్తి దెబ్బలు స్పష్టముగా ఉన్నందున, లోపము గాయమేనని నిర్ధారించడమైనది. కింద అధికారి సంతకం. సంతకం పక్కన గుండ్రటి సీలు. గుండ్రటి అంటే, గుండ్రంగా ఉండాల్సిన సీలు. కొట్టినవాడు ఎటు చూస్తూ కొట్టాడో, సగం కాగితం మీద పడింది, సగం బల్ల మీద పడింది. కాగితం అంచున నెలవంక మిగిలింది.

ఆమె ఆ నెలవంకను చాలాసేపు చూసింది. అరవై రోజుల్లో ఆమెకు చూడడం బాగా వచ్చింది. కాగితాన్ని మళ్ళీ కిటికీలోకి పెట్టి, అన్నా ఇది జన్మదోషమా, గాయమా అని అడిగింది. కిటికీ వెనకాయన తొంగి చూసి, ఆప్యాయంగా నవ్వాడు.

"పనిచేసే చేతులన్నాక ఇలాంటివి అవుతుంటాయమ్మా. వాటిని పట్టించుకుంటే ఎలా?"

ఆమె ఉత్తర్వు తీసుకుని డిపోకు వెళ్ళింది. మేనేజరు చదివి నిట్టూర్చాడు. తొలగింపు పత్రం అప్పటికే టైపు చేసి సొరుగులో ఉంది, తేదీ వేస్తే చాలు. తేదీ వేశాడు. ఉద్యోగం తీయడానికి సగం సీలు సరిపోయింది. అయితే పదిహేడేళ్ళు మచ్చ లేకుండా పనిచేసిందన్న సర్వీసు పత్రం కావాలని ఆమె అడిగింది. ఇంకెక్కడైనా పని వెతుక్కోవాలి కదా. దానికి మాత్రం ఉత్తర్వు మీద పూర్తి సీలు ఉండాలట.

మేనేజరు ఉత్తర్వును లైటు కేసి ఎత్తి, అంచున ఉన్న సగం సీలును చూశాడు. ఆమె ముఖం కేసి చూశాడు. మళ్ళీ సీలును చూశాడు.

"మిగతా సగం ఏం చేశావమ్మా?" అన్నాడు.

పక్కనున్న గుమాస్తా కలం తీసి రాసుకోవడం మొదలుపెట్టాడు.